బళ్లారి లేత్, నా వెండి కడియం

కళ్యాణదుర్గంలో ఉంటున్న, కాలం చేసిన కుళ్లాయప్ప పెద్ద కూతురు గౌస్‌బీ, వయసు యాభై ఆరు, అవివాహిత, తన ఇష్టప్రకారం రాసుకున్న వీలునామా.

నా మతి స్థిమితంగా ఉంది. ఎవరి బలవంతమూ లేదు. రుజువుగా ముప్పై రెండేళ్ల కిందటి ఒక ఉదయాన్ని రాస్తున్నాను. తప్పుంటే తమ్ముడు సలీం చెప్పవచ్చు.

తెల్లవారి నమాజు చేసి, జొన్నరొట్టెలూ శనక్కాయల పొడీ మూటగట్టుకుని, నాయన, సలీం, నేను మొదటి బస్సుకు బళ్లారి వెళ్లాం. నాయనది లైసెన్సు తుపాకుల రిపేరు కొట్టు. ఇనుమును తిప్పి కోసే మా పాత లేత్ అరిగిపోయింది. ఇంకొకటి కొనడానికి నా పెళ్లికని చేయించిన గుండ్ల దండ అమ్మారు. నా పసితనపు వెండి కడియాన్ని ముందురోజే ఒక తుపాకీ గొట్టం లావు చివరకు తొడిగి చూశాను. సరిగ్గా పట్టింది. దాన్ని కొంగున కట్టుకుని వెళ్లాను.

మిషన్లమ్మే తిప్పేష్ యార్డులో రెండు లేత్‌లున్నాయి. ఒకటి పచ్చరంగుది, కొత్తది. రెండోది పాతది. సలీం పచ్చదాని చుట్టే తిరిగాడు. తుపాకీ గొట్టం, దాన్ని బిగించి తిప్పే చక్ మధ్య రంధ్రంలోంచి వెనక్కి దూరాలి. దూరకపోతే ముందుకు పొడుగ్గా వేలాడి వణుకుతుంది, కోత పాడవుతుంది. కడియాన్ని పచ్చదాని రంధ్రానికి పెట్టాను. పోలేదు. పాతదాంట్లో నా వేళ్లతో సహా పోయింది. చక్ దగ్గర, మిషన్ పొడుగునా ఉండే ఇనుప బెడ్ మీద గోరు పెట్టి జరిపాను. అరిగిన చోట గోరుకు మెట్టు తగులుతుంది. ఎక్కడా తగల్లేదు.

తిప్పేష్ నవ్వాడు. "ఏమప్పా కుళ్లాయప్పా, పాపకు గాజులు బేరం చేసేదానికి వచ్చినావా, లేత్ కొనేదానికా?"

నాయన నవ్వలేదు. కడియం నా దగ్గర తీసుకుని తానూ పెట్టి చూశాడు. "పాతదే లారీకెక్కియ్యప్పా" అన్నాడు.

ఇక నా ఆస్తి.

1. పై లేత్ మిషన్. బిల్లు నా పేరున ఉంది. ఆ రోజు తేదీనే. నాయన పోయాక ఆయన పెట్టెలో దొరికింది, బతికుండగా ఎవరికీ చెప్పలేదు. దీన్ని సలీం కూతురు సమీనాకు సర్వహక్కులతో ఇస్తున్నాను. తూకానికి అమ్మేసి కంప్యూటరుతో నడిచేది తెస్తానని సలీం అంటున్నాడు. అమ్మే హక్కు వాడికి లేదు. చేతిలో సత్తువ ఉన్నన్నాళ్లు దాని మీద పని చేసుకునే హక్కు ఉంది. రిపేరు లైసెన్సు వాడిది. దాని జోలికి నేను పోను.

సమీనా మిషన్ ముందు నిలబడితే సలీం గిరాకీలను పిలుస్తాడు. "నా బిడ్డన్నా, దీని చెయ్యి చూడు" అంటాడు. ఆ మాట విన్న పూట నాకు అన్నం దిగదు. నన్ను ఎవరూ అలా చూపించలేదు. ఆ పిల్ల మీద నాకు అసూయ ఉంది, దానికి తెలియదు. పని చెప్పమని అడిగినప్పుడల్లా "నాకేం తెలుసమ్మీ, మీ నాయన్ను అడుగుపో" అన్నాను. తప్పు నాది. అయినా బెడ్ మీద గోరు పెట్టి చూడడం తనంతట తానే కనిపెట్టింది. అందుకే ఇస్తున్నాను.

2. వెండి కడియం. సమీనాకే. పిల్లలకు తొడగడానికి కాదు.

3. కొట్టు వెనక నా గది. సలీంకు. కిటికీ రెక్క సరిగా పడదు, వానొస్తే జల్లు కొడుతుంది. వానొచ్చినప్పుడు వాడే చూసుకోవచ్చు.

4. నా నమాజు చాప. సలీంకే. ఇది మూడోది, ముందువి రెండూ అరిగిపోయాయి. వాడి మీది ఓర్వలేనితనం నాలోంచి తీసెయ్యమని ఐదు పూటలా అల్లాను అడిగాను. కొంత తీశాడు. మిగిలింది ఇందులో రాశాను.

కొట్టుకు ఎవరు వచ్చినా సలీం ఆ మిషన్ మీద చెయ్యి వేసి, "పంతొమ్మిదేండ్లకే ఏరినానన్నా దీన్ని. మా నాయన నోరు తెర్సినాడు" అంటాడు. వాళ్లకు చాయ్ ఇచ్చేది నేనే. వాడిప్పుడు అది నిజమనే అనుకుంటున్నాడు.

5. ఇవన్నీ జరిపించే బాధ్యత మా వీధిలో ఉండే శ్రీరంగప్ప మాస్టారుది. చదివేటప్పుడు సలీం, సమీనా ఇద్దరూ ఎదురుగా ఉండాలి.

6. దీనికి ముందు నేను రాసిన వీలునామా లేదు. రద్దు చేయవలసింది మాత్రం ఒకటుంది. ఆ సాయంత్రం లారీలోంచి మిషన్ దించాక నలుగురం కూర్చున్నాం. నాయన అన్నాడు: "ఆడపిల్ల కడియం పెట్టి ఏరిందంటే మనకు తుపాకి ఎవడిస్తాడమ్మీ? సలీం ఏరినాడని చెప్దాం." అమ్మ సరేనంది. సలీం తల వంచుకున్నాడు. చివర్న నన్నడిగారు. నేనూ సరేనన్నాను. ఇంటిల్లిపాదీ చేసిన ఆ తీర్మానాన్ని నా వంతు మేరకు ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

కళ్యాణదుర్గం, 14 ఆగస్టు 2025

(సంతకం) గౌస్‌బీ

సాక్షులు:
తిమ్మక్క, టైలరు
ఓబన్న, రిటైరైన బస్సు కండక్టరు