తెర మడతలో పేరు

జూన్ 5

యాభై కార్డులు తీసుకెళ్ళాను. యాభై తిరిగి తెచ్చాను.

రాజమండ్రిలో పెళ్ళి. అక్కడ పట్టింది నేను వేసిన అడ్డుతెరే. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వధూవరుల మధ్య పట్టుకునే ఆ తెర మీద ఇప్పుడు అందరికీ బొమ్మలు కావాలి. మా స్కూల్లో కంప్యూటర్ టీచర్ అలేఖ్య నా పేరుతో కార్డులు కొట్టించి ఇచ్చింది. పక్కన నిలబడండి, నవ్వండి, కార్డు ఇవ్వండి, మూడే పనులు మేడం అంది. నేను డ్రాయింగ్ టీచర్ని. అరవై మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెడతాను. పెద్దవాళ్ళ ముందు మాత్రం నోరు పెగలదు. చేతులు ఖాళీగా ఉండకూడదని రెండోసారి పులిహోర వడ్డించుకున్నాను.

అప్పుడొచ్చింది ఒక పెద్దావిడ. రావులపాలెంలో అరటి తోటలవాళ్ళట, పేరు అచ్చాయమ్మ గారు. ఆ తెర ఎవరు వేశారమ్మా, ఎంత బాగుందో అంది. అబ్బే, మాకు తెలిసినవాళ్ళేనండి అన్నాను. పేరు చెప్పమంది. చలపతి గారండి అన్నాను.

చలపతి మా ఆయన. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం. స్కేలు పెట్టి గీసినా గీత వంకర పోతుంది.

జూన్ 6

నంబర్ మాత్రం నాదే ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలుసు, ఫోన్ రావాలని. వేసింది నేనని ఎందుకు చెప్పలేదో కూడా తెలుసు. చెబితే ఆవిడ నా మొహంలోకి చూసేది.

జూన్ 19

ఫోన్ వచ్చింది. ఆవిడ మనవరాలి పెళ్ళి ఆగస్టు 20న, రావులపాలెంలో. అబ్బాయిది సామర్లకోట. చలపతి గారున్నారా అమ్మా అని అడిగింది. స్నానం చేస్తున్నారండి అన్నాను. అది నిజమే.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చారు. రెండు ముక్కల్లో చెప్పి ఫోన్ చేతిలో పెట్టాను. ఇరవై నిమిషాలు మాట్లాడారు. రంగుల గురించి! ఆకుపచ్చలో ఎన్ని ఆకుపచ్చలుంటాయో, లేత అరటాకుకి పసుపు ఎంత కలపాలో అన్నీ చెప్పారు. పోయిన నెల వంకాయలు తరుగుతూ నేను చెప్పిన మాటలే అవి. పెట్టేశాక, చూశావా, ఆర్డర్ వచ్చేసింది, నువ్వు వెయ్యి, నేను మాట్లాడతాను, ఇద్దరికీ హాయి అన్నారు.

హాయిగానే అనిపించింది. కాసేపు.

జూలై 9

తెర సగం అయింది. నేను రెండు గుడ్డల మీద వేసి, వీపు వీపు కలిపి కుడతాను. పెళ్ళికొడుకు చూసే వైపు పెళ్ళికూతురి ఊరు. పెళ్ళికూతురు చూసే వైపు పెళ్ళికొడుకు ఊరు. తెర దించేదాకా ఒకరి ఊరిని ఒకరు చూస్తూ కూర్చోవాలి. అందుకని అబ్బాయి వైపుకి అరటి తోట, అమ్మాయి వైపుకి సామర్లకోట స్టేషన్, వెనకాల భీమేశ్వరుడి గోపురం.

పేరు ఎప్పటిలాగే లోపల, కింది అంచు దగ్గర రాశాను. మడిచి కుట్టేస్తాను. ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదు.

జూలై 30

ఫొటో పంపితే అచ్చాయమ్మ గారు మురిసిపోయింది. మండపంలోనే చలపతి గారికి శాలువా కప్పి సన్మానం చేస్తారట. ఆవిడ మేనల్లుడు రాజమండ్రిలో వెడ్డింగ్ ఎక్స్‌పో పెడుతున్నాడు. అందులో మనకో స్టాల్. బోర్డు మీద చలపతి ఆర్ట్స్ అని వేయిస్తారట. పెళ్ళి మర్నాడే ప్రింటింగ్‌కి ఇచ్చేస్తారు.

ఆ బోర్డు ఒకసారి లేచిందంటే ఇక నేను ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారు. ఆయన పట్టుపంచె ఇస్త్రీకి వేశారు.

ఆగస్టు 2

మా ఆయన మీద అసూయగా ఉంది. రాయడానికి సిగ్గుగా ఉంది. ఉన్నమాట అదే.

ఆగస్టు 11

సంగతి అలేఖ్యకి చెప్పాను. స్టాఫ్‌రూమ్‌లోనే తిట్టింది. అద్దం ముందు ప్రాక్టీస్ చేయండి మేడం అంది. చేశాను. వేసింది నేనేనండి. వేసింది నేనేనండి. ఎవరితో మాట్లాడుతున్నావ్ అని ఆయన హాల్లోంచి అడిగారు. ఎవరితోనూ కాదండి అన్నాను.

తర్వాత ఆయన్నే అడిగాను, ఆవిడకి చెప్పేద్దామా అని. ఇప్పుడు చెబితే ఏం బాగుంటుంది, ఎక్స్‌పో అయ్యాక నెమ్మదిగా చెబుదాంలే అన్నారు. మంచి మనిషి. చెడ్డవాడైతే పోట్లాడేదాన్ని.

ఆగస్టు 18

గోదావరి పెరుగుతోంది. ఆఫీసులో అందరికీ సెలవులు రద్దు, ఆయనకి బ్యారేజీ దగ్గర డ్యూటీ. పెళ్ళికి రాలేరు. అచ్చాయమ్మ గారికి చెబితే, ఫర్వాలేదమ్మా, నువ్వు రా, ఆయన తరఫున శాలువా నీకు కప్పుతాం అంది.

నా పనికి నాకే. ఆయన తరఫున.

ఆగస్టు 20, ఉదయం 6

వాన. కార్డులు హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్నాయి.

ఆగస్టు 20, సాయంత్రం 5

పెళ్ళికూతురి మేనమామలు ఇద్దరూ తెర పట్టుకున్నారు. తిరగేసి పట్టుకున్నారు. అబ్బాయి ముందు స్టేషన్, అమ్మాయి ముందు అరటి తోట. ఎవరి ఊరు వాళ్ళకే! ఒక్కరికీ తెలియడం లేదు. పంతులు గారు వాచీ చూసుకుంటున్నారు. పోనీలే, ఎవరు చూడొచ్చారు అనుకున్నాను.

ఏయ్, తిప్పండి! అటుది ఇటు! అని పెద్ద కేక వినిపించింది. క్లాసులో వేసే కేక. నాదే.

సన్నాయి ఆగిపోయింది. మండపమంతా నావైపు తిరిగింది. ఏంటమ్మా, ఏమైంది అంటూ అచ్చాయమ్మ గారు వచ్చింది. అబ్బాయి వైపు మీ తోట ఉండాలండి, అమ్మాయి వైపు సామర్లకోట అన్నాను. ఓహో, ఆయన చెప్పి పంపారా అంది.

అవునండి అంటే సరిపోయేది. ఆ మాట నాలిక దాకా వచ్చింది కూడా.

వేసింది నేనేనండి అన్నాను. మా ఆయనకి బొమ్మలు రావండి.

ఎవరు వేస్తేనేం, ముందు తిప్పండి బాబూ, ముహూర్తం దాటిపోతోంది అని పంతులు గారు విసుక్కున్నారు. తిప్పారు. పెళ్ళికూతురు స్టేషన్‌ని చూసి నవ్వింది. ఆ నవ్వు నేను చూశాను. ఇప్పటిదాకా నా తెర ముందు ఎవరి మొహమూ చూడలేదు, మూలన తల దించుకునే ఉండేదాన్ని.

భోజనాల ముందు అచ్చాయమ్మ గారు శాలువాతో వచ్చింది. కప్పలేదు. ఆకుపచ్చల గురించి అంత బాగా చెప్పింది మీ ఆయనే కదమ్మా అంది. నమ్మలేదు. చీరకున్న పిన్నీసు తీసి తెర కింది అంచున కుట్టు విప్పాను, నాలుగు వేళ్ళ మేర. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. సూర్యకళ.

లోపల పెట్టి కుట్టేసుకున్నావా, ఇలా అయితే ఎక్స్‌పోలో నలుగురి ముందు ఏం నిలబడతావు అంది. కోపంగానే అంది. నిలబడతానండి, బోర్డు మీద నా పేరే వేయించండి అన్నాను. బ్యాగులోంచి కార్డు తీసి ఇచ్చాను. దాని మీదా అదే పేరు చదివి శాలువా కప్పింది.

తర్వాత మేనమామలకిచ్చాను. ఫొటోగ్రాఫర్‌కిచ్చాను. పంతులు గారికి రెండు ఇచ్చాను, ఏడాదికి ఎన్ని పెళ్ళిళ్ళు చేయిస్తారో ఆయన. శాలువా పెద్దది, భుజం మీంచి జారిపోతూనే ఉంది. బస్సులో కూడా తీయలేదు.

ఆగస్టు 21

వరద తగ్గుముఖం పట్టింది. ఆయన ఇంటికొచ్చి అంతా విన్నారు. కొంచెం చిన్నబుచ్చుకున్నారు. కాసేపటికి నా ఫోన్ మోగితే అందుకోబోయి, ఆగి, నాకిచ్చారు.

ఆగస్టు 25

కొత్త తెర. కింద కుడి మూల, బయటికే, పేరు రాశాను. చిన్నదిగా కనిపించింది. రంగు పూసేసి మళ్ళీ రాశాను.