సఖీర్ ఎడారిలో లింబాద్రికి దొరికిన ఉల్క

ఇంజినీరు అప్పాజీ గారి దివ్యసముఖానికి,

తమ అమూల్య కాలాన్ని హరిస్తున్న ఈ సైటు గుమాస్తాను వెయ్యిసార్లు క్షమించండి.

సఖీర్ ఎడారిలో పైపులకు కందకం తవ్వుతూ లింబాద్రన్న ఆ నల్లరాయి తెచ్చాడు. "సార్, గిది మొగులు మీదికెల్లి పడ్డట్టున్నది, అయస్కాంతం అంటుకుంటున్నది" అన్నాడు. "రాళ్లేరుకోడానికొచ్చావా ఇక్కడికి?" అని కసిరారు తమరు. జియాలజీ చదివిన నేను ఉల్కేనని చెప్పగానే, అది తమరే కనిపెట్టినదైపోయింది! పైగా రాయి దొంగిలించబోయాడని రాసి, ఆయన వీసా రద్దు చేయిస్తున్నారు. దీనికి కోపం రాకపోతే నేనూ రాయినే.

నేను చేసింది ఒక్కటే. తమ బల్లమీద అద్దాలపెట్టెలో మెరుస్తున్నది నేను మార్చిపెట్టిన, సిత్రా వెల్డింగ్ షెడ్డులో కరిగి గడ్డకట్టిన ఇనుప చిట్టెం. అసలు ఉల్కను, కందకంలో దాన్ని పట్టుకుని నవ్వుతున్న లింబాద్రన్న ఫొటోతో సహా, ఆయన పేరుమీదే నిన్న యూనివర్సిటీలో అప్పగించాను.