పూలపిల్ల నోరు విప్పని రోజు

ఖురం, మస్కట్
నవంబరు, శనివారం

నా ప్రాణంలాంటి షైస్తా ఆపాకు, నీ చెల్లెలు రజియా సలాములు.

ఫోను చేయకుండా ఉత్తరం రాసిందేమిటా అని కంగారుపడకు. మీ ఇంట్లో ఫోను ఎత్తేది మీ అత్తగారు, స్పీకరు పెట్టనిదే ఆవిడకు మాట వినపడదు. ఇక్కడ మా ముసలావిడకు బీపీ చూడటానికి వచ్చే నర్సు మేరీకుమారి సెలవు మీద నర్సాపురం వెళుతోంది. అక్కడ పోస్టులో వేస్తానంది. ఇది నువ్వొక్కదానివే చదువు.

ఆపా, నిన్న సాయంత్రం ఒకటి జరిగింది. పొద్దున చాయ్‌లో చక్కెర బదులు ఉప్పు వేశాను. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియడం లేదు.

నా డ్యూటీ అంతా మేడమ్ ఉమైమా వాళ్ళ అమ్మను చూసుకోవడమే అని నీకు తెలుసు కదా. ఇక్కడ అవ్వను జద్దా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ఆమె బలూచిస్తాన్ నుంచి వచ్చిన బలూషీల పిల్ల అనీ, పుట్టింటివైపు ఎవరూ మిగల్లేదనీ వచ్చిన కొత్తలోనే మేడమ్ చెప్పింది. జద్దాది తక్కువ మాట. ఆ కాస్తా అరబ్బీలోనే. ముఖంలో నవ్వు ఉండదు, కోపమూ ఉండదు. మా ఇద్దరికీ స్నేహం కుదిర్చింది ఒక థాయ్ సీరియల్.

నవ్వకు ఆపా. టీవీలో వాళ్ళు థాయ్ భాషే మాట్లాడతారు, కింద అరబ్బీ అక్షరాలు పడుతుంటాయి. జద్దాకు చదువు రాదు, నాకు అరబ్బీ అక్షరం రాదు. అయినా ఒక్క భాగం వదలకుండా చూశాం. మాకు మాటలతో పని లేకపోయింది. అందులో నాయికను మేము పూలపిల్ల అనుకున్నాం, మొదట్లో గుడి దగ్గర మాలలు కట్టి అమ్మేది కాబట్టి. ఆ పిల్ల ఒక పెద్దింటి కోడలైంది. కొత్తలో ఎవరికైనా దండం పెడితే జోడించిన చేతులు నుదుటిదాకా పోయేవి. పెద్దవాళ్ళ ముందునుంచి నడవాలంటే నడుము వంచి, భుజాలు దగ్గరికి లాక్కుని, గోడను రాసుకుంటూ పోయేది. భాగాలు గడిచేకొద్దీ ఆ చేతులు ముక్కు దగ్గరికి, తర్వాత గుండె దగ్గరికి దిగాయి. నడుము కొంచెం కొంచెంగా నిటారైంది. ఒకరోజు చూస్తే ఇంటివాళ్ళే ఆమె ముందు వంగి నడుస్తున్నారు! ఎప్పుడు మారిందో పట్టుకోలేకపోయాం. అంత చక్కగా చేసింది ఆ నటి. ఇంకొకతె ఉంది, ఆడబిడ్డ. మొదట్లో ఎప్పుడూ అరుపులే, చెంపదెబ్బలే. పోనుపోను ఆమె గొంతు తగ్గింది. అరుస్తున్నప్పుడు రాని భయం ఆ గొంతు తగ్గాక వచ్చింది మాకు.

సీరియల్ చూస్తూ జద్దా కాళ్ళు పిసుకుతూ నేను తెలుగులో వాగుతుండేదాన్ని. అర్థంకాని మనిషి ముందు కాబట్టి అడ్డూ అదుపూ లేదు. ఉప్పు తక్కువైందని పళ్ళెం తోసేస్తే "ఏం ముసల్దానివే తల్లీ, నిన్ను కట్టుకున్నోడు ఎట్ల ఏగినాడో" అని తిట్టాను. నీకు కూడా చెప్పనిది ఆమెకు చెప్పాను ఆపా. మా ఆయన జిలానీ మన హుమాకు పెళ్ళి కుదిర్చాడు. భార్య పోయిన ఒక మార్బుల్ కొట్టు యజమానికి ఇస్తాడట. నా వయసువాడు. ఇంటర్ కూడా పూర్తి కాలేదు బిడ్డకు. "నన్ను కొట్లో కూర్చోబెట్టుకుంటానన్నాడు, మన బతుకు ఒక దారిన పడుతుంది" అని జిలానీ అంటే, "మీ ఇష్టం" అన్నాను ఫోనులో. ఫోను పెట్టేసి జద్దా మోకాళ్ళ మీద తల ఆనించి ఏడ్చాను. "నా బిడ్డను ముసిలోనికి ఇస్తాండారు జద్దా, నేనేం జేసేది" అని. ఆమె గోడలా కూర్చుంది. కనీసం కాలు కూడా కదపలేదు.

నిన్నటి భాగంలో పూలపిల్ల కూతురిని వాళ్ళ మామగారు ఒక ముసలి వ్యాపారికి ఇస్తామని మాట ఇస్తున్నాడు. పూలపిల్ల పక్కనే నిలబడి పండు చెక్కు తీస్తోంది. కత్తి ఆగింది. ముఖంలో ఒక్క నరం కూడా కదలలేదు, మెడ దగ్గర మాత్రం గుటక కనిపించింది. మళ్ళీ కత్తి కదిలింది. అంతే. ఏమీ అనలేదు.

పక్కనుంచి పెద్ద కేక.

"నోరు తెర్వవే పోరీ! నీ బిడ్డను కోసి పెడ్తున్నరు, ఇంక పండ్లు కోస్తున్నవా?"

ఆపా, అల్లా సాక్షి. తెలుగు. జద్దా నోట్లోంచి తెలుగు! చేతిలో గిన్నె జారి నూనె అంతా తివాచీ మీద పడింది. జిన్ను పట్టిందనుకున్నాను. గోడకు ఆనుకుని వచ్చిన దువాలన్నీ చదివాను. ఆమె కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తన గొంతు తనదేనా అన్నట్టు చూస్తోంది. తర్వాత మెల్లగా అంది.

"గట్ల సూడకు. జిన్ను లేదు, గిన్ను లేదు. పాలమూరు దిక్కు బిడ్డను నేను."

నాకు నా తిట్లన్నీ గుర్తొచ్చాయి. "నేను మాట్లాడిండేదంతా..."

"అన్నీ ఇన్న. నన్ను తిట్టినయి గూడ ఇన్న." మొదటిసారి ఆ మూతి చివర నవ్వు కదిలింది. వెంటనే ఆరిపోయింది. "నీ బిడ్డ కోసం నువ్వు ఏడ్సిన దినం నీ నెత్తి మీద చెయ్యి పెడ్దామనుకున్న. పెడ్తే దొరికిపోతనని పెట్టలే. నీ హుమా ఈడులనే నన్ను కట్టుకున్న అరబ్బు ముసలోడు నన్ను ఈడికి తెచ్చిండు రజియా. నిఖా అయిన మూడో దినం ఓడెక్కిచ్చిండు. హైదరాబాదు నుంచి ముసలోడు పిల్లను తెచ్చుకున్నడంటే నలుగురు నవ్వుతరని, నా పేరు గూడ మార్చి, నువ్వు బలూషీ పిల్లవు, గదే జెప్పు అన్నడు. గదే జెప్పిన. గిప్పటిదాంక."

ఆ నటి గురించి ఎంత మెచ్చుకున్నాను! ఆమెకు కెమెరా ఆగినప్పుడు ఊపిరి పీల్చుకునే వీలుంది. కన్నబిడ్డల ముందు కూడా ఊపిరి పీల్చుకోని మనిషి కాళ్ళు నేను రోజూ పిసికాను.

మేడమ్‌కు తెలియకూడదని ఒట్టు వేయించుకుంది. "బిడ్డను ఇయ్యకు" అని నా చెయ్యి పట్టుకుని అదే మాట అంటూ ఉంది. నాకు జిలానీకి ఎదురుచెప్పే ధైర్యం లేదు ఆపా. నువ్వు ఒకసారి కడపకు వెళ్ళి హుమాను చూసి రా. వీడియోలో నవ్వుతూ ఉంటుంది. ఆ నవ్వు మీద నాకు నమ్మకం పోయింది.

నీ
రజియా


ఖురం, మస్కట్
డిసెంబరు, ఆదివారం

నా తల్లి తర్వాత తల్లివైన షైస్తా ఆపాకు,

ఈ ఉత్తరం మామూలు పోస్టులోనే వేస్తున్నాను. ఎవరు చదివినా నాకిప్పుడు భయం లేదు.

హుమా నీ దగ్గరే ఉందనీ, ప్రొద్దుటూరు కాలేజీకి పోతోందనీ విని నిన్న కడుపునిండా తిన్నాను. ఆరోజు నువ్వు కడపలో మా ఇంటికి వెళ్ళి దాన్ని తీసుకురాకపోయి ఉంటే ఏమయ్యేదో! నీకు అటువైపు జరిగింది తెలుసు. ఇటువైపు జరిగింది చెబుతాను.

రెండు వారాల కిందట శుక్రవారం హాల్లో మేడమ్ ఇత్తడి కూజా, అదే దల్లాలోంచి కహ్వా కాఫీ వంచుతోంది. జద్దా కుర్చీలో ఉంది. జిలానీ వీడియో కాల్ చేశాడు. మిఠాయి డబ్బా ముందు పెట్టుకుని పెళ్ళివారు కూర్చున్నారు. వెనక గోడ దగ్గర హుమా తల వంచుకుని ఉంది. "తారీకు ఖాయం జేస్తాండాం, నువ్వొక మాట అనేస్తే అయిపోతాది" అన్నాడు. సరే అనడానికే నోరు తెరుస్తున్నానని నాకు తెలుసు.

జద్దా చెయ్యి చాపి ఫోను లాక్కుంది.

"అల్లుడా, పిల్లను అడిగినవా?"

జిలానీ ముఖం పాలిపోయింది. "ఎవురు నువ్వు? ఏయ్ రజియా, ఎవురీమె?"

"ఎవరో ఒక ముసల్దాన్ని. గిట్లనే మిఠాయి ముంగట పెట్టుకొని నా నిఖా గూడ ఒప్పుకున్నరు. మా నాయిన నా దిక్కు సూడలే. సూస్తే ఒప్పుకునేటోడే కాదు. నువ్వు ఒక్కసారి ఎన్కకు తిరిగి సూడు." జిలానీ తిరగలేదు. ఆమే పిలిచింది. "బిడ్డా హుమా! తలెత్తు. నీకు ఇష్టమేనా?"

హుమా తలెత్తింది ఆపా. కళ్ళు వాచి ఉన్నాయి.

"నాకిష్టంలేదవ్వా."

అప్పుడు నాకు గొంతు వచ్చింది. ఫోను తీసుకుని, పెళ్ళివారంతా వింటుండగానే చెప్పాను. "ఈ పెండ్లి జరగదు. ఆ పిల్లను కన్న తల్లిని నేను, ఒప్పుకోను. షైస్తా ఆపా వచ్చి తీసుకుపోతాది." జిలానీ ఏదో అరిచాడు. పెళ్ళివారి పెద్దాయన లేచి చెప్పులు వెతుక్కోవడం కనిపించింది. తర్వాత కాల్ పోయింది.

నేను వెనక్కి తిరిగాను. మేడమ్ చేతిలో దల్లా ఇంకా వంగే ఉంది. కప్పు నిండి, పళ్ళెం నిండి, కహ్వా బల్ల మీదుగా కారుతోంది.

"ఉమ్మీ," అంది మేడమ్. అమ్మా అని, ఆ ఒక్క మాటే. జద్దా అరబ్బీలో అంతా చెప్పింది. కళ్ళు దించుకోలేదు. మేడమ్ వింది, దల్లా కింద పెట్టింది, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తర్వాత ఎన్నాళ్ళో తల్లితో మాట్లాడలేదు. నన్ను పంపించేస్తుందనుకుని బట్టలు సర్దుకున్నాను. జద్దా సీరియల్ కూడా చూడలేదు.

మొన్న నేనే బలవంతంగా టీవీ పెట్టాను. కాసేపటికి మేడమ్ వచ్చింది. కింద తివాచీ మీద కూర్చుంది. తెరమీద ఆడబిడ్డ పూలపిల్లకు తన గాజులు ఇచ్చేస్తోంది. మేడమ్ కింద అక్షరాలు చదివి, "మొదటి భార్యకు ఇంత మంచితనం ఎందుకో" అంది.

"ఆడబిడ్డ కాదా?" అన్నాను నేను. "పూలపిల్ల మొగుడి చెల్లెలు కాదా?" అంది జద్దా.

"భార్య. నేను ఎప్పుడు ఇటు వచ్చి చూసినా కింద అదే కదా రాస్తున్నారు!"

మేమిద్దరం నోళ్ళు తెరిచి ఒకరినొకరు చూసుకున్నాం. అందుకా ఆ అరుపులు! అందుకా ఆ గొంతు తగ్గడం! మొదటి భార్య అని తెలిసి తలచుకుంటే ఆ నటి ప్రతి చూపూ మారిపోయింది ఆపా. కోపమనుకున్నదంతా బాధ. జద్దాకు నవ్వు ఆగలేదు, మేడమ్‌కూ నవ్వు వచ్చేసింది. కాసేపటికి మేడమ్ నవ్వు ఆపి, టీవీ గొంతు తగ్గించింది.

"ఉమ్మీ, నీది వేరే భాష అని నాకు చిన్నప్పుడే తెలుసు."

జద్దా చేతిలోని జపమాల, తస్బీ జారి ఒళ్ళో పడింది. అంత నిర్ఘాంతపోయిన ముఖం నేనెప్పుడూ చూడలేదు.

"నీ పక్కన పడుకునేదాన్ని కదా. నిద్రలో నువ్వు వేరే భాషలో మాట్లాడేదానివి. నాన్నను అడిగితే, ఇంకెప్పుడూ అడగకు, అమ్మకు బాధ అన్నాడు. నేను అడగలేదు. తెలియనట్టే పెరిగాను. ఆరోజు నాకు కోపం వచ్చింది నువ్వు దాచినందుకు కాదు. నాకు చెప్పకుండా ఫోనులో ఎవరికో చెప్పినందుకు."

తల్లి ముందు కూతురు, కూతురి ముందు తల్లి. ఇద్దరూ ఇన్నేళ్ళు నటించారు!

"ఒకటే మాట అనేదానివి, పదే పదే. దాని అర్థం ఎవరిని అడగాలో తెలియక అలాగే గుర్తుపెట్టుకున్నాను," అంది మేడమ్. పెదాలు కూడదీసుకుని, పాఠం అప్పజెప్పే చిన్నపిల్లలా పలికింది.

"ఇన్‌టికి బోత... అవ్వా, ఇన్‌టికి బోత."

జద్దా నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దని. కానీ మేడమ్ కూడా నావైపే చూస్తోంది, తనకంటూ దాచుకున్న ఆ మాట చేతుల్లో పట్టుకుని ఇన్నేళ్ళూ తిరిగిన మనిషి. నేను చెప్పాను ఆపా. అరబ్బీలో, నాకు వచ్చినంతలో చెప్పాను. పాలమూరు వైపు అవ్వ అంటే అమ్మ కదా, "అమ్మా, ఇంటికి వెళ్ళిపోతాను" అని.

మేడమ్ ఏడవలేదు. లేచి తల్లి పక్కన ఆ ఇరుకు కుర్చీలోనే జొరబడి కూర్చుంది. "నీ అసలు పేరేమిటి?" అని అడిగింది.

"మౌలాబీ" అంది జద్దా.

మీ
రజియా