కేబుల్ మీదుగా వెళ్లిన విమానం

గురువారం, మార్చి 12

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. ఇన్నేళ్లూ ఈ మాట అలవాటుకొద్దీ రాసేవాణ్ణి, ఈసారి ఆలోచించి రాస్తున్నాను. ఒకే ఊళ్లో ఉండి ఉత్తరమేమిటి అనుకుంటారేమో. ఎదురుగా కూర్చుంటే మనిద్దరం అరుచుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యం.

నిన్నటి మీటింగ్ చూశాక నాకు రోత పుట్టింది. మీ ఒక్కరి మీదే కాదు, మా వాళ్ల మీదా అంతే రోత.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆదివారం ఉదయం మన రెండు క్లబ్బులూ వాడే మైదానంలో మా క్లబ్బు గ్లైడర్‌ని వించ్ లాగుతోంది. రన్‌వే ఆ చివరనున్న ఆ యంత్రం ఉక్కు కేబుల్‌ని చుట్టుకుంటూంటే, ఇంజన్ లేని గ్లైడర్ గాలిపటంలా ముక్కు పైకెత్తి లేస్తుంది. అప్పుడు లోపలున్న మనిషికి ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనబడదు. అందులో ఒంటరిగా ఎగురుతున్నది నా శిష్యురాలు. నేర్పినట్టే తల తిప్పి ఎడమ రెక్క చివర చూసుకుంది. అటునుంచి ఒక ఇంజన్ విమానం రన్‌వేకి అడ్డంగా వస్తోంది. నడుపుతున్నది మీరు. ఆ అమ్మాయి కేబుల్ వదిలేసి, ముక్కు దించి, పక్కకి తిరిగి, గడ్డిలో క్షేమంగా దిగింది. కేబుల్ మీ విమానం తోక వెనకనుంచి కిందికి జారింది. నేను రేడియో పట్టుకుని ఆగండి, ఆగండి అని గొంతు చించుకున్నాను. మీకు వినపడలేదు.

ఎందుకు వినపడలేదో మనిద్దరికీ తెలుసు. రెండేళ్ల కిందట మీ క్లబ్బు వాళ్లు, గ్లైడర్ వాళ్ల సొద భరించలేమంటూ వేరే రేడియో ఛానల్‌కి మారారు. పీడ విరగడైందన్నాడు మా అధ్యక్షుడు. అప్పటినుంచీ గాలిలో తిరిగే ప్రతి మలుపూ మీరు బుద్ధిగా రేడియోలో మీ వాళ్లకి చెబుతారు, మేము మా వాళ్లకి చెబుతాం. ఎవరిని గుద్దబోతున్నామో వాళ్లకి మాత్రం చెప్పం. రేడియో మీద ఒక మీట తిప్పితే తీరిపోతుంది. అది ముందు ఎవరు తిప్పాలన్నది పరువు సమస్య.

నిన్న విమానాలు పెట్టే హ్యాంగర్ పక్క గదిలో, పాత టైర్ల మధ్య కుర్చీలు వేసుకుని కూర్చుని మనం చేసింది చూడండి. నేను ప్రతి మలుపూ చెప్పానయ్యా, కావాలంటే రికార్డు విను అన్నారు మీరు. నిజమే. ఇంజన్ లేనివాడికి ఇంజన్ ఉన్నవాడు దారివ్వాలి, ఆ పాఠం రోజు బడి ఎగ్గొట్టారా అన్నాడు మా అధ్యక్షుడు. అదీ నిజమే. మీ మెకానిక్ లేచి, మీరున్నట్టు తెలిస్తే కదండీ దారిచ్చేది, మేమేదో గద్దలనుకున్నాం అన్నాడు. అందరూ నవ్వారు, మా వించ్ డ్రైవరుతో సహా. అప్పుడు మీరు, అసలా పిల్లే కంగారుపడి కేబుల్ వదిలేసింది, వదలకపోయినా ఏమీ అయ్యేది కాదు, అలాంటి పిరికివాళ్లని ఇంట్లో ఉయ్యాల ఊగమనండి అన్నారు. దానికి ఇంకా ఎక్కువ నవ్వారు. చివరికి తేల్చిందేమిటి? గేటు దగ్గర జాగ్రత్తగా ఎగరండి అని బోర్డు పెట్టాలని. ఆ బోర్డుకి ఏ రంగు వెయ్యాలన్నదాని మీద జరిగిన చర్చ, ఆ అమ్మాయి ప్రాణం మీద జరిగినదానికంటే పొడుగ్గా సాగింది.

బావగారూ, నేను అడిగేది కొండంత కాదు. అందరం ఒకే ఛానల్‌లో ఉందాం. వించ్ తిరుగుతున్నంతసేపూ రన్‌వే మీదుగా ఎవరూ అడ్డంగా వెళ్లకుండా, చుట్టూ తిరిగి దిగుదాం. మీకు ఇంకాస్త పెట్రోలు అవుతుంది, అంతే. ఒప్పుకోకపోతే నేర్పడం మానేస్తానని మా అధ్యక్షుడి మెడలు వంచాను. ఇక మిగిలింది మీ మాట. ఈ ఆదివారంలోగా అది రాకపోతే, జరిగిందంతా విమానయాన కార్యాలయానికి రాసి మైదానం మూయించమంటాను. మీరు నడిపే ఫ్లయింగ్ స్కూలూ పోతుంది, నా పనీ పోతుంది. సొంత బావమరిది ఇంత పని చేస్తాడా అని చుట్టాలంతా తిట్టిపోస్తారు. తిట్టనివ్వండి.

అక్కయ్యని మోకాలి మందు మానొద్దని చెప్పండి.

ఇట్లు,
మీరు మొండివాడనే
మీ బావమరిది

తా.క. దీన్ని మీరు పైలట్‌గా చదవాలని ఒక సంగతి దాచాను. గ్లైడర్‌లో ఉన్నది మీ చిన్నమ్మాయి. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ నా దగ్గర నేర్చుకుంటోంది. మీరు ఎగతాళి చేస్తారని చెప్పొద్దంది, అక్కయ్య కూడా సరేనంది. కేబుల్ వదిలే క్షణంలో దానికి మీ మొహం కనబడిందట, అంత దగ్గర. మీరు అటు చూడనే లేదట. రాత్రి భోజనాల దగ్గర ఆ పిరికిపిల్ల కథ మళ్లీ చెప్పి నవ్వారట, వడ్డిస్తున్నది తనేనట. అక్కయ్య పొద్దున్నే ఫోన్ చేసి ఏడ్చింది. ఇంతకీ ఆ పిల్ల ఎవరు, ఎలా ఉంది అని మీరు మీటింగులోనూ అడగలేదు, ఇంట్లోనూ అడగలేదు.