నా వేషంలో మాధవి

2013 జూన్ 9, సూర్యాపేట

మిర్యాలగూడ నుంచి రాణి ఫోన్. గొంతులో హుషారు. కోదాడలో కౌన్సెలర్లకు శిక్షణ అట. తనలాంటివాళ్లు ఆసుపత్రికి వస్తే ఎలా పలకరించాలి, ఏం అడగకూడదు... చెప్పడానికి తననే పిలిచారు.

"డాక్టర్లు సుత రాసుకుంటున్నరే అక్కా, నేను చెప్పేది!"

సంతోషమే. కానీ మాటకు ముందు మాధవక్క, వెనక మాధవక్క. కోదాడలో కౌన్సెలరు, పేరు మాధవి. రాణి కన్నా చిన్నదే అయి ఉంటుంది. అక్క ఎలా అవుతుంది?

జూన్ 10

విష్ణు సహస్రనామంలో మాధవ నామం దగ్గర ఆగిపోయాను. స్వామి పేరే కదా.

రాణిని తమ్ముడని ఎత్తుకు పెంచింది నేను. చెల్లెలని ఒప్పుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. మాధవికి ఒక పూట.

జూన్ 23

కోదాడ వెళ్లాను. మునగాలలో బస్సు ఆగితే దిగిపోదామనిపించింది. దిగలేదు.

చివరి కుర్చీ. ఒకరు డాక్టరు, ఒకరు వచ్చినవాళ్లు — వేషాలు కట్టి నేర్చుకుంటున్నారు. ఓ కుర్ర డాక్టరు రాణిని "అసలు పేరేంటి?" అన్నాడు.

"రాణే. నీది అసలుదేనా సారూ?"

అందరూ నవ్వారు. నేనూ.

తర్వాత ఇంటివాళ్ల వంతు. పెద్దక్కగా ఎవరు? మాధవి లేచింది. రాణి ఒక్కసారి నా వైపు చూసింది. నేను కదల్లేదు.

రాణి మొదలుపెట్టింది. "ఇంట్లకెళ్లి పోయిన దినం అక్క తిట్టలే. పూజ గదిలకు పొయ్యి తలుపేసుకున్నది. నేను గడపల నిలబడ్డ."

మాధవి ఆమె చెయ్యి పట్టుకుంది. "లోపల నీ కోసమే మొక్కుతున్నాను రాణీ. బయటికి రావడానికి భయమేసింది."

నిజం. దేవుడికి తప్ప ఎవరికీ చెప్పని మాట. ఆమెకెలా తెలిసింది?

రాణి ఆమె భుజం మీద పడి ఏడ్చింది. "అక్కా" అంది.

నా ఒళ్లో సంచీ. సంచీలో సకినాలు.

రాణి బస్టాండు దాకా వచ్చింది. "ఎట్లున్నదే?"

"మంచిగున్నది."

"గంతేనా?"

"ఎండ ఉన్నది. కొంగు కప్పుకో."

సకినాలు ఇచ్చాను. "మాధవక్కకు సుత పెడత" అంది. పెట్టమన్నాను.

జూన్ 24

దీపం పెట్టాను. మనసు కుదరలేదు.

జూన్ 30

మాధవి ఫోన్. "అమ్మా, ఆరోజు నేను ఊహించి అన్నానండి. తప్పయితే వచ్చే శిక్షణలో మీరే అక్కగా కూర్చుని చెప్పండి."

తప్పు కాదు. అదే కదా బాధ.

జూలై 2

రాణి. "వస్తవా అక్కా? రాకుంటే మాధవక్కనే కూసుంటది."

"రాణీ... ఆ దినం నేను లోపల..."

"ఏందక్కా?"

ఇప్పుడు ఆ మాటే అంటే మాధవి దగ్గర నేర్చుకొని అన్నట్టుంటుంది. అనకపోతే ఆమెదే అయిపోతుంది.

"చెప్పు మరి... వస్తవా?"

"మాధవి సుత ఉంటదా గాడ?" అన్నాను.