రెండు పొట్టి కూతలు

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నాన్నా నేనూ కులాసా. పూర్తిగా కాదు గానీ, ఉత్తరం మొదట్లో అలాగే రాయాలి కదా. అక్కా, పసివాడూ, నువ్వూ బాగున్నారని తలుస్తున్నాను.

నాన్న సరిగా తింటున్నారా అని అడిగావు. తింటున్నారు. తిన్న సంగతి మర్చిపోయి మళ్ళీ కంచం ముందు కూర్చుంటున్నారు. నన్ను ఒక్కోరోజు గుర్తుపడతారు, ఒక్కోరోజు "మీరెవరమ్మా" అంటారు. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు "మీ పుస్తకం అచ్చు వేసేదాన్నండీ" అంటున్నాను.

ఆ పుస్తకం ఎంతవరకు వచ్చిందన్నావు. ఇంట్లో కంప్యూటర్ అంటే జనం నవ్విన రోజుల్లో నాన్న పత్రికకి రాసిన కథలన్నీ మళ్ళీ కంపోజ్ చేయించి, ప్రూఫులు దిద్దేశాను. ఒక్కదాని దగ్గర ఆగిపోయాను. కంప్యూటర్ తెరమీద నాన్న మొదటిసారి తెలుగు అక్షరాలు తెప్పించిన కథ. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ నువ్వు చెప్పేదే.

అప్పట్లో ప్రోగ్రాములు కూడా పాటల క్యాసెట్లలోనే దాచేవారు కదా. పుస్తకంతో పాటు, ఆ అక్షరాలు తెప్పించిన ప్రోగ్రాంనీ బతికిద్దామని, పాత టేప్ రికార్డర్ తుడిచి వంటింటి బల్లమీద పెట్టాను. క్యాసెట్ తిరగ్గానే, ఉన్నది పాట కాదు ప్రోగ్రాం కదా, కీచుమంటూ ఒకటే మోత. నాన్న పేపరు పక్కన పెట్టి, తల వంచి విన్నారు.

"ఇది మీ మామయ్యది" అన్నారు.

"కాదు నాన్నా, మీరు రాసిందే. కథలో ఉందిగా."

"ముందు రెండు పొట్టి కూతలు వినలేదూ? ప్రతి ప్రోగ్రాం ముందూ అలా పెట్టడం వాడి అలవాటు. నాకంత ఓపికెక్కడిది? మొదట్లో వత్తులన్నీ అక్షరాల నెత్తినెక్కి కూర్చునేవి. వాడే కిందికి దించాడు. నేను నా పేరు పెట్టేసుకున్నాను."

చెప్పి, హాయిగా నవ్వారు.

నాకు నవ్వు రాలేదమ్మా. ఆ ప్రోగ్రాం తనదని అన్నందుకే కదా మామయ్యని అబద్ధాలకోరని ఇంట్లోంచి పంపేశాం. తోడబుట్టినవాడి గడప తొక్కడం నువ్వు మానేశావు. ఇదంతా ఫోన్‌లో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అచ్చు ఆపించాను. ఉన్నది ఉన్నట్టు వేస్తే నాన్న పరువు పోతుంది. వెయ్యకపోతే మామయ్య ఎప్పటికీ అబద్ధాలకోరుగానే మిగిలిపోతాడు. నాన్ననే అడుగుదామంటే, అడిగేది దేని గురించో ఆయనకి తెలియదు. నాకు భయంగా ఉంది.

ఇంకో సంగతి. ఆ రోజు నుంచీ భోజనాల వేళకి నాన్న మూడో కంచం పెట్టమంటున్నారు. "మీ మామయ్య ఇంకా రాలేదేం?" అని వాకిలి వైపు చూస్తున్నారు. గొడవ ఆయన మర్చిపోయారమ్మా. గుర్తున్నది మనకే.

మామయ్య నంబరు నా దగ్గర లేదు. నీ దగ్గర ఉందని నాకు తెలుసు.

ఇట్లు,
నీ చిన్నమ్మాయి