మా ఇంటి కంప్యూటర్ ఎన్నికలు

బావగారికి,

మీ బావమరిది నమస్కారాలు. ఇక్కడ నేనూ, నా కంప్యూటర్ షాపూ క్షేమం. అక్కడ మీరు, అక్క, అమ్మ, మేనకోడలు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోను మానేసి ఉత్తరం ఎందుకు రాస్తున్నానో మీకు తెలుసు. పోయినసారి ప్రింటర్ గురించి మొదలుపెట్టి ప్రభుత్వం దాకా వెళ్ళాం. మీ పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారట. ఇక మనిద్దరం ఫోనులో మాట్లాడుకోవడానికి వీల్లేదని, ఏమున్నా కాగితం మీద అరుచుకోమని అక్క తీర్పు చెప్పేసింది. పాటిస్తున్నాను.

అసలు విషయం. పిల్లల పుస్తకాలు వేసే సంస్థ ఒకటి అక్కను బొమ్మలు గీసి పంపమందని అమ్మ చెప్పింది. నెలాఖరులోగా పంపాలి. నచ్చితే ఉద్యోగమే ఇస్తారు, ఆలస్యమైతే ఆ పని ఇంకెవరికో పోతుంది. పెళ్ళైన దగ్గర్నుంచి కిరాణా చీటీల వెనక గీసుకుంటున్న మనిషికి ఇన్నాళ్ళకు ఒక అవకాశం వచ్చింది. ఈ రోజుల్లో బొమ్మలంటే కంప్యూటరే కదా. మా షాపులో మంచి లాప్‌టాప్ ఉంది. ఊఁ అనండి, రేపే పంపిస్తాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: ఊఁ అని మాత్రమే రాయండి చాలు. కారణాలు అక్కర్లేదు.

---

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. కీబోర్డులు అమ్ముకునేవాడివని నీ చేతిరాత చూడగానే తెలిసిపోయింది.

లాప్‌టాప్ అంటే అద్దె ఇల్లు. మేకు కొట్టాలన్నా ఓనరు ఒప్పుకోవాలి. బ్యాటరీ అతికించేస్తారు, మెమొరీ అతికించేస్తారు, ఒక్కటి చెడితే మొత్తం పారేసి కొత్తది కొనమంటారు. డెస్క్‌టాప్ సొంత ఇల్లు. మూత విప్పి ఏ ముక్క కావాలంటే ఆ ముక్క మార్చుకోవచ్చు. ఇక సాఫ్ట్‌వేర్ అంటావా, ఉచితంగా దొరికేదే కావాలి. ఏడాదికోసారి కప్పం కట్టించుకుని, మనల్ని అడక్కుండా అర్ధాంతరంగా తనని తాను మార్చేసుకునేదాన్ని సాఫ్ట్‌వేర్ అనరు, నియంత అంటారు. షరతులు చదవకుండా 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేవాడే మేనిఫెస్టో చదవకుండా ఓటేస్తాడు. నేను చదువుతాను. మొన్న పక్కింటాయన కంప్యూటర్‌లో చదవడం మొదలుపెడితే, సాయంత్రానికి ఆయన విసుగొచ్చి మెయిన్ స్విచ్ కట్టేశాడు.

అయినా ఇది నా ఒక్కడి నిర్ణయం కాదు. ఉద్యోగమంతా ఎన్నికల డ్యూటీలు చేసి రిటైరైనవాణ్ణి. మా ఇంట్లో ఫ్రిజ్ దగ్గర్నుంచి దోమతెర దాకా ఏది కొన్నా ఓటింగుతోనే. వచ్చే ఆదివారం పోలింగు. లాప్‌టాప్‌కు టిఫిన్ బాక్సు గుర్తు, డెస్క్‌టాప్‌కు బీరువా గుర్తు కేటాయించాను. బీరువా తరఫు అభ్యర్థిని నేనే, ఎన్నికల అధికారినీ నేనే. నా నిష్పాక్షికత మీద నాకు పూర్తి నమ్మకం ఉంది.

ఆశీస్సులతో,
మీ బావ

తా.క.: మీ అమ్మగారి గదికి ప్రచారానికి వెళ్ళాను. సీరియల్ అయిపోయాక రమ్మన్నారు. ఓటర్లలో చైతన్యం ఈ స్థాయిలో ఉంది.

---

బావగారికి,

నమస్కారాలు. ఊఁ అనమంటే నోటిఫికేషన్ జారీ చేశారు.

మీ బీరువా పెట్టాలంటే ఆ ఇంట్లో భోజనాల బల్ల తీసెయ్యాలి. అక్క బొమ్మలు గీస్తుంది సరే, మీరు ఎక్కడ తింటారు? ఇక మీ ఉచిత సాఫ్ట్‌వేర్ సంగతి. అది వాడే కస్టమర్లు నాకూ కొందరున్నారు. ఒకరు వాడే రకం ఇంకొకరు వాడరు. అందరూ స్వేచ్ఛ కోసమే పోరాడుతున్నారు కానీ ఒకరితో ఒకరికి మాటల్లేవు. చీలిపోవడంలో వాళ్ళు మీరు ఓటేసే పార్టీని కూడా మించిపోయారు.

నాకు రాజకీయాలు లేవు బావగారూ. మీట నొక్కితే వెలగాలి, పని జరగాలి, అంతే. మీరు దీన్నే నియంతృత్వం అంటారని తెలుసు. వెలగని ప్రజాస్వామ్యం కంటే నయం. మనం ఇలా రాసుకుంటూ కూర్చుంటే నెల గడిచిపోతుంది, అక్క పని చెయ్యి జారిపోతుంది. దయచేసి ఆలోచించండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: అక్క పేరున విడిగా ఒక పార్సిల్ పంపుతున్నాను. అది అందాక అక్క ఎటువైపో మీకే తెలుస్తుంది.

---

బావమరిదికి,

ఆశీస్సులు ప్రస్తుతానికి నిలిపివేయబడ్డాయి.

నువ్వు ఇంత పనిచేస్తావనుకోలేదు. పోలింగు ముందు ఓటరుకు కానుక పంపడమా? అదీ మీ అక్క ఎటువైపో తేలిపోతుందని ఉత్తరంలో బాహాటంగా రాసి మరీ? పార్సిల్‌ను సాక్షుల సమక్షంలో విప్పాను. సాక్షి మీ అమ్మగారు. అందులో నున్నటి నల్లటి పలక ఒకటి ఉంది. తెర లేదు, మీటలు లేవు. కూరగాయలు తరుక్కునే కొత్త రకం చెక్క అని తేల్చాం. దానికి తోడు ఒక పెన్ను. రాసి చూస్తే ఇంకు లేదు. లంచం ఇవ్వడం ఒక తప్పు, అందులోనూ నాసిరకం ఇవ్వడం ఇంకో తప్పు. రెండింటినీ జప్తు చేసి బీరువాలో పెట్టి, లక్క పోసి సీలు వేశాను.

ఆదివారం పోలింగు ప్రశాంతంగా ముగిసింది. ఫలితాలు: బీరువాకు ఒకటి, టిఫిన్ బాక్సుకు ఒకటి. ఒక చీటీలో రెండింటికీ టిక్కు పెట్టారు, అది చెల్లదు. ఒకటి ఖాళీ చీటీ. బీరువాకు పడిన ఒక్క ఓటూ నాదేనని వేరే చెప్పక్కర్లేదు. బాధ లేదు. కొంచెం ఉంది.

ఎవరికీ మెజారిటీ రాలేదు కాబట్టి వచ్చే నెల రీపోలింగు.

మీ బావ

తా.క.: ఖాళీ చీటీ ఎవరిదని ఆరా తీయడం నియమాలకు విరుద్ధం. అయినా మీ అక్కను అడిగాను. పాలు పొంగుతున్నాయంటూ లోపలికి వెళ్ళిపోయింది. అప్పటికి ఆ రోజు స్టవ్వే వెలిగించలేదు.

---

బావగారూ,

నమస్కారం తర్వాత పెడతాను.

అది కూరగాయల చెక్క కాదు. బొమ్మలు గీసే పలక. దాన్ని కంప్యూటర్‌కు తగిలించి ఆ పెన్నుతో గీస్తే బొమ్మ తెర మీద కనిపిస్తుంది. అందుకే ఇంకు ఉండదు. అక్క బొమ్మల వైపని మీకే తెలుస్తుందనుకున్నాను; ఏ యంత్రం వచ్చినా పని ఆగకూడదని పంపాను. మీరు దాన్ని బీరువాలో పెట్టి లక్క పోశారు.

వచ్చే నెల రీపోలింగా? అవతల గడువు ఈ నెలాఖరు. అప్పటికి ఆ ఉద్యోగంలో ఇంకెవరో కూర్చుని ఉంటారు. అక్క ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోండి. నావల్ల కావడం లేదు.

అందుకే ఓటమి ఒప్పుకుంటున్నాను. డెస్క్‌టాపే పంపుతాను. మీరు చెప్పిన ఉచిత సాఫ్ట్‌వేరే ఎక్కిస్తాను. విప్పుకోండి, మార్చుకోండి, మీ ఇష్టం. ఆ బీరువా మాత్రం తెరవండి.

మీ బావమరిది

తా.క.: రెండింటికీ టిక్కు పెట్టింది అమ్మే. పోయిన పంచాయతీ ఎన్నికల్లో కూడా అలాగే చేసిందట. ఎవర్నీ నొప్పించడం ఇష్టం లేదట.

---

బావమరిదికి,

నీ ఉత్తరం చదివిన వెంటనే సీలు పగలగొట్టి పలక మీ అక్క చేతికిచ్చాను. తీసుకుని కొంగుతో దుమ్ము దులుపుకుంది. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది.

విషయాన్ని అటూ ఇటూ తిప్పి చూశాక నాకు బోధపడింది. పలక పనిచేయాలంటే కంప్యూటర్ కావాలి. కంప్యూటర్ రావాలంటే ఎన్నిక జరగాలి. ఎన్నిక నేనే వాయిదా వేశాను. ఇంట్లో అత్యవసర పరిస్థితి ప్రకటించాను. నీ లాప్‌టాపే పంపు. డెస్క్‌టాప్ వద్దు. జాలిపడి ఇచ్చిన గెలుపు నాకక్కర్లేదు. పైగా నాలుగు ఓట్లలో ఒక్కటి వచ్చినవాడు గద్దెనెక్కితే ప్రజాస్వామ్యానికి మచ్చ.

ఆలోచిస్తే లాప్‌టాప్‌లోనూ మంచి లేకపోలేదు. కరెంటు పోయినా పనిచేస్తుంది, భోజనాల బల్ల ఉన్నచోటే ఉంటుంది. నువ్వు ఇన్నాళ్ళూ దాన్ని సరిగ్గా సమర్థించలేకపోయావు. నేనైతే గెలిపించేవాణ్ణి.

ఆశీస్సులు పునరుద్ధరించబడ్డాయి.
మీ బావ

తా.క.: డెస్క్‌టాప్ పంపితే గుమ్మంలోంచే తిప్పి పంపుతాను. లాప్‌టాప్ మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

---

శ్రీవారికీ, తమ్ముడికీ,

ఇద్దరికీ ఒకటే ఉత్తరం. ఒక ప్రతి పోస్టులో వేస్తున్నాను, ఇంకోటి ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెడతాను. చదివి ఒకరికొకరు జవాబులు రాసుకోకండి.

ముందుగా, ఉద్యోగం వచ్చింది. ఇవాళే చేరాను, ఆఫీసులో కూర్చునే ఇది రాస్తున్నాను.

ఎలాగంటే, ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన రోజునే నేను ఆ సంస్థలో ఎడిటర్‌గా ఉన్న ఆవిడకు ఫోన్ చేశాను. మా ఇంట్లో కంప్యూటర్ గురించి ఓటింగు జరుగుతోంది, ఆలస్యం కావచ్చు అని చెప్పాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత, "కంప్యూటర్ కావాలని మేమెప్పుడు అన్నామండీ? కాగితం మీద పెన్సిల్‌తో గీసి పంపండి చాలు" అంది. మీరిద్దరూ ఉత్తరాలు రాసుకుంటున్నంతసేపూ నేను వంటగదిలో కూర్చుని గీశాను. శ్రీవారి ఉత్తరాలు పోస్టు చేసేది నేనే కదా, ఒకసారి వాటితోపాటే బొమ్మల కవరూ వేసేశాను.

మన ఇంట్లో అందరికీ ఓటు ఉంది. నీకేం కావాలి అని మాత్రం నన్ను ఒక్కరూ అడగలేదు. అందుకే చీటీ మీద ఏమీ రాయబుద్ధి కాలేదు. అది కోపమేనండీ, దాచుకోవడం ఎందుకు.

తమ్ముడూ, ఫోను నిషేధం మీ ఇద్దరి మధ్య. నాకు చెయ్యొద్దని నీకెవరన్నారు? నువ్వు పంపిన పలక చాలా బాగుంది. ఇక్కడ ఆఫీసులో అది చూసి అందరూ ముచ్చటపడ్డారు.

శ్రీవారూ, నిన్న మీరు నా బొమ్మల నకళ్ళు తిరగేస్తూ కళ్ళు తుడుచుకోవడం తలుపు సందులోంచి చూశాను. మీరు మెచ్చుకుంటారని నేను ఎదురుచూసింది అబద్ధం కాదు. వెంటనే వచ్చి ఏ మెమొరీ ఉంటే కంప్యూటర్‌లో కూడా ఇంత నున్నగా వస్తాయని అడిగారు. మొదటిదాంతోనే ఆగి ఉంటే ఎంత బాగుండేది.

రోజూ పదింటికి వచ్చి అయిదింటికి వెళ్ళాలి. కిటికీ పక్కన సీటు ఇచ్చారు. నా ముందు ఒక కంప్యూటర్ ఉంది. బల్ల మీద పెట్టేదో, ఒళ్ళో పెట్టుకునేదో, ఏ కంపెనీదో, దాని సాఫ్ట్‌వేర్ ఎవరిదో మీ ఇద్దరిలో ఎవరికీ చెప్పను. పని చేస్తోంది, హాయిగా ఉంది.

మీ ఇద్దరిదాన్నీ,
నేను

తా.క.: ఉత్తరం దీంట్లోనే టైపు చేద్దామనుకున్నాను. అక్షరాల వాలకం చూసి అది ఏ కంపెనీదో మీరు కనిపెట్టేస్తారని ఎదురుగా కంప్యూటర్ పెట్టుకుని చేత్తో రాస్తున్నాను. పక్క సీటావిడ నన్ను వింతగా చూస్తోంది.